తాత దాచిన నల్లరాయి

ఆ గుట్ట నాకంటే చిన్నది. అది పుట్టేనాటికి నాకు నలభై దాటాయి.

మొన్న టేకులపల్లిలో ఒక పెళ్లికి పోతూ బస్సు కిటికీలోంచి చూశాను. పొడుగ్గా, పైన బల్లపరుపుగా, గీత గీసినట్టు వరసల్లో నాటిన చెట్లతో ఉంది. పక్క సీట్లో చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి నా మోచేయి తట్టింది.

"పెద్దమ్మా, ఆ గుట్ట పేరేంది? దాని మీద దేవుడున్నడా?"

"దేవుడు లేడు బిడ్డా. పేరు గూడ లేదు. అది బొగ్గు బాయిల నుంచి తీసి పోసిన మట్టి."

"గంత మట్టా!" అని ఆ అమ్మాయి కిటికీ వైపు వంగి చూసింది.

అంత మట్టీ మా ఊరి కిందిదే. మా ఇళ్ల కింది ఎర్రమట్టి, చేల కింది మొరం, వాగు అడుగున ఉన్న ఇసుక, అన్నీ తలకిందులై అక్కడ పడి ఉన్నాయి. చెబుదామని నోటిదాకా వచ్చింది కానీ చెప్పలేదు. బస్సు మలుపు తిరిగింది. పెళ్లిలో ఏం తిన్నానో, ఎవరితో మాట్లాడానో నాకు గుర్తులేదు. రెండు రోజులుగా తాతే కళ్లముందు ఉన్నాడు.

తాతంటే మా అమ్మ వాళ్ల నాన్న. నాకు ఊహ తెలియకముందే మా నాయన జ్వరంతో పోతే, అమ్మ నన్ను చంకనేసుకుని తాత ఇంటికి వచ్చేసింది. నలభై గడపల ఊరు. మూడు వైపులా అడవి, ఒక వైపు వాగు. ఎండాకాలం పొద్దున్నే ఆడవాళ్లంతా తునికాకు కోతకు పోయేవాళ్లు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి నీడలో కూర్చుని కట్టలు కట్టేవాళ్లు. ఊరంతా ఆకు వాసన. దానికి ముందు ఇప్పపువ్వు రాలే రోజుల్లో మరో వాసన, తియ్యగా, కొంచెం పులిసినట్టు. అమ్మ ఇప్పపువ్వు వేయించి, నువ్వులు కలిపి దంచి ముద్దలు చేసేది. ఆ ముద్ద ఒకటి దాచుకుని తింటుంటే అన్నం అక్కర్లేదనిపించేది.

తాత బావులు తవ్వేవాడు. మా దగ్గర మంచినీళ్ల బావినీ బాయే అంటారు, బొగ్గు గనినీ బాయే అంటారు. తాత తవ్వింది నీళ్ల బావులు. అటు తిరుమలాయపాలెం నుంచి ఇటు కల్లూరు దాకా రైతులు కబురు పెట్టేవాళ్లు. పోయి ఒక రోజంతా చేలో ఊరికే తిరిగేవాడట. ఎక్కడ పుట్టలు లేచాయో, ఏ చెట్టు ఎండలో కూడా పచ్చగా ఉందో, పశువులు ఎక్కడ పడుకోవడానికి ఇష్టపడుతున్నాయో చూసేవాడు. తర్వాత పిడికెడు మట్టి తీసి వాసన చూసి, కొంచెం నాలుక మీద వేసుకుని ఉమ్మేసేవాడు. "ఈడ తవ్వుండ్రి" అంటే అక్కడ నీళ్లు పడేవి. పడని చోట్లు కూడా ఉండి ఉంటాయి. వాటి గురించి మాకు చెప్పేవాడు కాదు.

మట్టి తినే అలవాటు నాకు ఆయన నుంచే వచ్చిందని అమ్మ తిట్టేది. బావిలో సుద్ద పొర తగిలితే తాత ఇంటికి గంపెడు తెచ్చేవాడు, గోడలకు పూయడానికి. తడిపిన సుద్ద వాసనకు నాకు నోరూరేది. చాటుగా ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించేదాన్ని. పెదాలు తెల్లబడి దొరికిపోయేదాన్ని. అమ్మ వీపు మీద ఒకటి వేసి తాత మీద అరిచేది.

"నువ్వేనా దీనికి నేర్పింది? కడుపుల పురుగులు వడ్తయి నాయనా!"

"నేనేం జేసిన? భూమే తియ్యగున్నది," అని తాత నవ్వేవాడు. అమ్మ అటు తిరగగానే నా పెదాలు తుండుతో తుడిచేవాడు. ఆ తుండుకు చుట్ట వాసన, చెమట వాసన, వాటి వెనక ఎప్పుడూ తడిమట్టి వాసన.

నాకు పదేళ్లప్పుడు ఒక ఎండాకాలం ఊరి బావిలో నీళ్లు అడుగంటాయి. బిందె ముంచితే సగం బురద. ఊరి పెద్ద మా ఇంటికి వచ్చాడు. తాత కంటే వయసులో చిన్నవాడు, పొడుగ్గా ఉండేవాడు, కోపం తొందర. ఊళ్లో ఏ తగువైనా ఆయన మాటే చివరి మాట.

"మామా, ఇంకో రెండు గజాలు లోతు జెయ్యాలె. ఆడోళ్లు వాగుల చెలిమెలు తీసుకొని తాగుతున్రు."

"జేద్దాం," అన్నాడు తాత.

ఎప్పుడూ తాతతో పనిచేసే ఇద్దరు మనుషులు గిలక కట్టారు. తాత లోపల దిగి గడ్డపారతో తవ్వుతుంటే, వాళ్లు గంపతో మట్టి పైకి లాగేవాళ్లు. మధ్యాహ్నం నేను జొన్నగటక, చింతచిగురు పచ్చడి తీసుకుని పోయేదాన్ని. రోజూ ఒకటే గోల, నన్ను కూడా దింపమని. మూడో రోజు తాత విసిగిపోయి, "కండ్లు మూసుకొని కూసోవాలె, కదల్తే తాడు కోస్త," అన్నాడు. గంపలో కూర్చోబెట్టి దింపారు.

నేను కళ్లు మూసుకోలేదు. బావి గోడ మెల్లమెల్లగా పైకి పోతోంది. మొదట వేర్లు వేలాడే ఎర్రమట్టి. తర్వాత గులకరాళ్ల మొరం. దాని కింద నాకిష్టమైన తెల్ల సుద్ద, చెయ్యి చాపి గీరాను. ఆ కింద పసుపుపచ్చ ఇసుకరాయి, గీతలు గీతలుగా. పైన ఎండ మండిపోతుంటే లోపల కుండలో ఉన్నంత చల్లగా ఉంది.

అడుగున తాత నన్ను దించుకుని, ఆ ఇసుకరాయి మీద చెయ్యి పెట్టించాడు.

"గిది సూడు. వాగుల ఇసక మీద నీళ్లు పారినంక గీతలు వడ్తయి సూడు, గట్లనే లేవూ? ఒకప్పుడు ఈడ వాగు పారింది."

"గింత లోతులనా?"

"అప్పుడు గిది లోతు గాదు. గిదే పైన."

నాకు అర్థం కాలేదు. తల పైకెత్తి చూస్తే ఆకాశం పళ్లెమంత ఉంది. తాత గడ్డపార అందుకుని మళ్లీ పని మొదలుపెట్టాడు. బూడిదరంగు పలకరాయి ఒకటి పొరలుగా చీలి నా కాళ్ల దగ్గర పడింది. లోపలి వైపు ఒక ఆకు. ఆకు కాదు, ఆకు ముద్ర. నాలుకలాగా పొడుగ్గా ఉంది. నడుమ ఈనె, పక్కలకు సన్నని ఈనెలు, ఎవరో సూదితో గీసినట్టు.

"తాతా, ఇది ఏం చెట్టుది?"

తాత దాన్ని వెలుతురులోకి పెట్టి చాలాసేపు చూశాడు.

"తెల్వది బిడ్డా. నేను దిరిగిన అడవిల గీ ఆకు లేదు. మన అడవి కింద ఇంకో అడవి పండుకున్నట్టున్నది."

నేను ఆ రాయిని లంగా కుచ్చెళ్లలో దోపుకున్నాను. తాత ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. గడ్డపార చప్పుడు మారింది. రాయి మీద పడ్డట్టు కాక, మెత్తగా, పొడిగా వినబడింది. వంగి చేత్తో తడిమాడు. చెయ్యి నల్లగా అయింది. ఒక పెళ్ల తీసి వాసన చూశాడు. ఆ రోజు నాలుక మీద వేసుకోలేదు. కాసేపు అలాగే గొంతుక్కూర్చున్నాడు.

సాయంత్రం ముత్యాలమ్మ గద్దె దగ్గర ఊరి పెద్ద, తాత, ఆ ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకున్నారు. తాత పుట్టింది మా ఊళ్లో కాదు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు వాళ్ల ఊరి కింద నల్లరాయి, అదే బొగ్గు, దొరికితే ఊరిని లేపేశారు. పెళ్లీడుకు వచ్చినవాళ్లు బొగ్గు బాయిలో దిగారు, మిగతావాళ్లు తలా ఒక దిక్కు పోయారు. తాత కొన్నాళ్లు ఆ బాయిలో పనిచేసి, ఒక రోజు పైకి వచ్చినవాడు మళ్లీ దిగకుండా అడవి పట్టుకుని నడిచి మా ఊరికి వచ్చాడట. ఇదంతా నాకు తర్వాత అమ్మ చెప్పింది. ఆ సాయంత్రం మాత్రం నలుగురూ గద్దె మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకోవడం చూశాను. మర్నాడు తాత బావి అడుగున రాళ్లు పరిచి, పైన వాగు ఇసుక పోయించాడు. నీళ్లు పక్క ఊట నుంచి వచ్చాయి. చల్లగా, బాగున్నాయి.

ఇంటికి వచ్చి నన్ను ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"బాయిల నువ్వేం జూసినవో ఎవ్వరికీ జెప్పకు. ఆడుకునేకాడ గూడ అనకు. నల్లరాయి ఉన్నదని తెలిస్తే మనల్ని ఈడ ఉండనియ్యరు. సమజైందా?"

"అయింది," అన్నాను. నిజంగానే అయిందనుకున్నాను.

పది రోజులు కూడా గడవలేదు. ఊళ్లోకి జీపు వచ్చింది. బడి ముందు రెండు డేరాలు వేశారు. సర్వే సారు ఒకాయన, ఇంకా కొందరు పనివాళ్లు. ఆయన చెడ్డవాడని చెప్పలేను. కళ్లద్దాలు, ఎండకు కమిలిన ముఖం, కోస్తా మాట. చేతిలో చిన్న సుత్తి పట్టుకుని వాగు వెంబడి తిరుగుతూ, రాళ్లు కొట్టి, వాటికి కాగితాలు అంటించి సంచుల్లో వేసేవాడు. మా పిల్లలను దగ్గరకు పిలిచి, రాయిలో మెరిసేది ఏమిటో, ఎర్రగా ఎందుకుంటుందో చెప్పేవాడు. మాకు అంత ఓపికగా చెప్పినవాళ్లు అంతకుముందు లేరు. మంచి రాయి తెచ్చినవాళ్లకు బిస్కెట్ ఇచ్చేవాడు. బిస్కెట్ అంటే మాకు అప్పుడు పండగలోనూ లేని రుచి.

నా స్నేహితురాలు, ఊరి పెద్ద బిడ్డ, మెరుపులున్న రాయి తెచ్చి రెండు బిస్కెట్లు సంపాదించింది. "నీకు దొరకదు తియ్యి," అని నన్ను ఏడిపించింది. నేను ఇంటికి పరుగెత్తాను. తాత చెప్పింది నల్లరాయి గురించి కదా, ఆకు రాయి గురించి కాదు కదా అనుకున్నాను. దూలం సందులో దాచిన రాయి తీసుకుపోయి సారు చేతిలో పెట్టాను.

ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదెక్కడ దొరికిందమ్మా నీకు?"

"మా బాయిల."

"బావిలోనా? ఎంత లోతులో?"

"కిందనే. అడుగున."

"మరి దీని కింద ఏముందో చూశావా?"

ఆయన గొంతులో ఏ మోసమూ లేదు. మంచి జవాబు చెప్పే పిల్లను మెచ్చుకునే పంతులు గొంతు అది. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. స్నేహితురాలు కూడా చూస్తోంది.

"నల్లరాయి," అన్నాను.

ఆయన నాకు ప్యాకెట్ మొత్తం ఇచ్చాడు. ఆకు రాయి ఆయన దగ్గరే ఉండిపోయింది. పిల్లలు అప్పటికే బిస్కెట్ల మీద పడ్డారు. ఏ రాయి గురించి ఏమన్నానో ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున బావి పక్కన బోరు వేసే మిషను దిగింది. దాని చప్పుడుకు కోళ్లు చూరెక్కాయి. నేలలోంచి పొడుగాటి రాతి ముక్కలు తీసి చెక్కపెట్టెల్లో వరసగా పేర్చారు. ఎరుపు, తెలుపు, పసుపు, బూడిద, చివర నలుపు. నేను బావి గోడ మీద చూసిందంతా ఆ పెట్టెలో పడుకుని ఉంది.

ఆ సాయంత్రం గద్దె దగ్గర ఊరంతా చేరింది. ఊరి పెద్ద కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నలుగురికే తెల్సిన మాట. ఒట్టేసుకున్న మాట. సర్వేవోళ్లు సక్కగ బాయికాడికే ఎట్లొచ్చిండ్రు? ఎవరు జెప్పిండ్రు?"

ఆ ఇద్దరు మనుషులు ముత్యాలమ్మ మీద ప్రమాణం చేశారు. నేను తాత పక్కనే, ఆయన పంచె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంకా నా నోట్లో బిస్కెట్ తీపి ఉన్నట్టే ఉంది. తాత తల వంచి నన్ను చూశాడు. ఎంతసేపో చూడలేదు. నాకు ఇప్పటికీ ఆ చూపులో కోపం కనబడదు. వెతికాను, దొరకలేదు.

"అవ్," అన్నాడు తల ఎత్తి. "నేనే జెప్పిన."

"నువ్వా మామా? నువ్వు?"

"నేనే. సారు అడిగిండు, నోరు జారిన."

ఊరి పెద్ద కింద ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే లేచి పోయారు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఏమయ్యేదో నాకు తెలియదు. తెరవలేదు, అంతే.

మిషను నెల రోజులు ఉండి వెళ్లిపోయింది. తర్వాత ఏళ్లకేళ్లు ఏమీ జరగలేదు. వానలు పడ్డాయి, జొన్నలు పండాయి, ఇప్పపువ్వు రాలింది. కానీ తాతను మళ్లీ ఎవరూ బావి తవ్వడానికి పిలవలేదు. చుట్టుపక్కల ఊళ్లకు కూడా మాట పాకింది. ఆ ఇద్దరు మనుషులు వేరే మేస్త్రీతో పోయారు. పెళ్లి విందులో తాత కూర్చుంటే పక్కవాళ్లు విస్తరి పట్టుకుని లేచి పోవడం నేను చూశాను. రెండోసారి నుంచి ఆయన విందులకే పోలేదు. గడ్డపార చూరులో దోపేశాడు. ఎండాకాలం ఆడవాళ్ల వెనక, కొంచెం ఎడంగా, తునికాకు కోతకు పోయేవాడు. గంపలకొద్దీ భూమి తోడిన చేతులతో, ఆకులు ఒక్కొక్కటే లెక్కపెట్టి కట్ట కట్టేవాడు.

ఆయన వానాకాలంలో పోయాడు. నేను అప్పటికి పెళ్లై తిరుమలాయపాలెం వైపు ఒక ఊళ్లో ఉన్నాను. వచ్చేసరికి వాకిట్లో అమ్మ ఒక్కతే శవం పక్కన కూర్చుని ఉంది. మోయడానికి నలుగురు లేరు. నా భర్త, ఆయన తమ్ముడు ముందు పట్టారు. వెనక నేనూ అమ్మా పట్టాం. వాగు ఒడ్డుకు పోయేసరికి గుంత తవ్వి ఉంది. తాతతో పనిచేసిన ఇద్దరిలో ఒకాయన, అప్పటికి ముసలివాడు, పార మీద చేతులు పెట్టుకుని వానలో నిలబడి ఉన్నాడు. గుంత అంచులు కత్తితో కోసినట్టు తిన్నగా ఉన్నాయి. ఆయన మాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు నోటీసులు వచ్చాయి. ఊరిని లేపారు. రోడ్డు పక్కన కాలనీ కట్టి అక్కడికి పంపారు. అక్కడ వీధికొక బోరు. చెట్లు నరికారు, ఇళ్లు కూల్చారు, వాగును పక్కకు మళ్లించారు. ఒకసారి అమ్మ అడిగితే తీసుకుపోయాను. గేటు దగ్గర బతిమాలితే అంచు దాకా పోనిచ్చారు. కిందికి చూస్తే కళ్లు తిరిగాయి. చీమల్లాగా లారీలు. ఎదుటి గోడ మీద ఎర్రమట్టి, మొరం, సుద్ద, ఇసుకరాయి, దాని కింద నలుపు. నేను గంపలో కూర్చుని చూసిన వరసే, మైలు పొడుగున.

"నాయనను పెట్టిన జాగ ఏడున్నది?" అంది అమ్మ.

వాగు ఎటు పారేదో గుర్తు తెచ్చుకుని వేలు చూపించాను. నేను చూపించిన చోట గాలి తప్ప ఏమీ లేదు. నేలే లేదు. అమ్మ ఆ గాలికే దండం పెట్టింది.

తర్వాత నాకు పరిచయమైన గనుల ఉద్యోగి ఒకాయనను అడిగాను, ఒక పిల్ల చెప్పిన మాటకు గని వస్తుందా అని. ఆయన నవ్వాడు. "ఆ ఏరియా అంతా మ్యాపుల్లో ముందు నుంచే ఉందండి. మీ బావి లేకపోయినా వచ్చేదే," అన్నాడు. ఆ మాటతో నా బరువు దిగాలి. దిగలేదు. నా మాట వల్ల ఊరు పోలేదేమో. నేను మాట్లాడకపోవడం వల్ల తాత పోయాడు. దానికి ఏ మ్యాపూ జవాబు చెప్పదు.

అమ్మ చివరి రోజుల్లో ఖమ్మం దవాఖానాలో ఉంది. ఒక మధ్యాహ్నం దానిమ్మ గింజలు ఒలిచి పెడుతూ చెప్పేశాను. ఇన్నేళ్లకు.

"అమ్మా, ఆ రోజు సర్వే సారుకు చెప్పింది తాత కాదు. నేను."

అమ్మ నా వైపు తిరగలేదు. కిటికీ వైపే చూస్తూ అంది, "తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"ఆ రాత్రే నాయన నాకు జెప్పిండు. ఎవరికీ అనొద్దన్నడు, నీకు గూడ. నేనూ ఊకున్న. కన్నబిడ్డ కోసం కన్నతండ్రిని వొదిలేసిన. నువ్వొక్కదానివే మొయ్యలే."

నా చేతిలో గింజలు పక్కమీద పడ్డాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది.

"ఒక్కపారి కొట్లాడిన నాయనతోని. ఎందుకు నాయనా నీకు గీ బాధ, అది చిన్నపిల్ల, అదే జెప్పిందని తెలిస్తే రెండు దెబ్బలు గొడ్తరు, అయిపోతది గదా అన్న. ఏమన్నడో తెల్సా?"

"ఏమన్నడు?"

"కొట్టరు బిడ్డా, దానితోటి ఎవ్వరూ ఆడరు అన్నడు. నేను ముసలోణ్ణి, నాతోని ఎవరు మాట్లాడకపోతే ఏంది, పిల్లకు ఆట లేకపోతే ఎట్ల అన్నడు."

నిజమే, నేను ఆడుకున్నాను. ఆ ఎండాకాలమంతా, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ప్రతి సాయంత్రం ఊరి పెద్ద బిడ్డతో, ఊరి పిల్లలందరితో వాగు ఇసుకలో ఆడుకున్నాను. ఇసుకలో చెలిమెలు తవ్వాం, పిట్టగూళ్లు కట్టాం, ఒకరి మీద ఒకరం నీళ్లు చల్లుకున్నాం. నా నవ్వు ఊరంతా వినబడేదని అమ్మ తిట్టేది. ఇంటి గడప నుంచి చూస్తే వాగు కనబడుతుంది. తాత ఆ గడపలో ఒక్కడే కూర్చుని, చీకటి పడేదాకా మమ్మల్ని చూసేవాడు.